నాలుగేళ్ల బిడ్డకు ఇంగ్లీషు పరీక్షా?

ఇంగ్లీషు మీడియం స్కూలులో సీటుకు వెళితే ఫీజు ఒక్కటే సమస్య కాదు. కొన్నిచోట్ల మేడమ్ ఇంగ్లీషులో పేరు అడిగితే నాలుగేళ్ల బిడ్డ నోరు విప్పాలి. బొమ్మ చూపిస్తే దాని పేరూ ఇంగ్లీషులోనే చెప్పాలి. దీన్ని పరీక్ష అనరు, 'ఇంటరాక్షన్' అంటారు. పేరు మార్చినంత మాత్రాన బిడ్డకు భయం తగ్గుతుందా?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాల పిల్లలకు ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు. ఆదిలాబాద్ వైపు మరాఠీ కూడా చెవిన పడుతుంది. బొమ్మ చూసి 'తోతా' అన్న బిడ్డకు చిలుక తెలియదనగలమా? రెండు పేర్లు తెలిసిన పిల్లవాడికి మూడోది రాలేదని సీటు లేదంటే, ఆ పరీక్ష బిడ్డకు పెట్టినట్లు కాదు, ఇంట్లో అమ్మానాన్నల ఇంగ్లీషుకు పెట్టినట్లు.

ఇంగ్లీషు వద్దని ఎవరూ అనడం లేదు. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మీడియమే. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. పరీక్ష అసలే కూడదనీ కాదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ దేశవ్యాప్తంగా సుమారు 86 వేల మంది మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివించి చూసింది. అది బడి ఎంత నేర్పిందో తెలుసుకునే పరీక్ష. నేర్పకముందే అడిగేది వడపోత.

ఈ వడపోతను విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. బిడ్డనే కాదు, తల్లిదండ్రులనూ పరీక్షించరాదు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. బిడ్డను పరీక్షిస్తే మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా.

అయితే 2010లో అమలులోకి వచ్చిన ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికి. నర్సరీ ప్రవేశాలకు వర్తించదని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఎల్‌కేజీలో చేరినవారే ఒకటో తరగతికి వస్తారు కనుక వడపోత అంతా చట్టం చేయి అందని చోటే ముగిసిపోతోంది.

మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చుతూ 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. మినహాయింపు ఉన్నా, లాటరీ తీయడానికి మన యాజమాన్యాలకు ఏ తీర్పూ అడ్డు కాదు. ఉర్దూ మాట్లాడే బిడ్డను ఉర్దూ వారి స్కూలే ఇంగ్లీషు రాలేదని తిప్పి పంపితే, ఆ మినహాయింపు ఎవరి కోసం?

మిగతా స్కూళ్లలో ఒకటో తరగతికి పరీక్ష పెడితే స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.