ఇంటర్వ్యూ గదిలో పెళ్ళి ప్రశ్న

ఉద్యోగాల ఇంటర్వ్యూలకు అమ్మాయిలను తయారుచేసే శిక్షణలు ఇప్పుడు మండల కేంద్రాల్లో కూడా నడుస్తున్నాయి. ఎలా కూర్చోవాలి, ఏం కట్టుకోవాలి, గొంతు ఎంత పెంచాలి, అన్నీ చెప్తారు. "పెళ్ళెప్పుడమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం చెప్పరు. మహా అయితే నవ్వి ఊరుకోమంటారు.

ఈ ప్రశ్న ఈనాటిది కాదు. విదేశాంగ సర్వీసులో 1949లో చేరిన మొదటి స్త్రీ సి.బి. ముత్తమ్మ. ఆ సర్వీసు వద్దని యు.పి.ఎస్.సి. ఛైర్మన్ తనకు నచ్చజెప్పబోయాడని, మౌఖిక పరీక్షలో కనీస మార్కులే పడేలా చూశానని తర్వాత ఆయనే చెప్పాడని ఆమె సుప్రీంకోర్టుకు విన్నవించుకున్నారు. పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని హామీ కూడా రాయించుకున్నారట. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనల్లోని వివక్షను గట్టిగా ఎండగట్టారు. పన్నెండేళ్ళ తర్వాత, 1991లో, అదే కోర్టు ముందుకు నీరా మాథుర్ కేసు వచ్చింది. రాతపరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గి జీవిత బీమా సంస్థలో చేరిన ఆమెను ప్రసూతి సెలవు తర్వాత తీసేశారు. గర్భం సంగతి దాచిందన్నది నేరం. ఉద్యోగంలో చేరేవాళ్ళ చేత ఆ సంస్థ నింపించుకున్న పత్రంలో నెలసరి సక్రమంగా వస్తుందా, ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భస్రావాలు అనే గళ్ళున్నాయి! కోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమని, ఆ గళ్ళు తీసేయమని చెప్పింది. ఇంత జరిగినా, మూడు నెలలు దాటిన గర్భిణులు 'తాత్కాలికంగా అనర్హులు' అని స్టేట్ బ్యాంకు మళ్ళీ నియమం పెట్టింది. దేశమంతా గొడవ చేస్తే 2022 జనవరిలో వెనక్కి తీసుకుంది.

యజమాని లెక్క మనకు తెలియనిది కాదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఇ.ఎస్.ఐ. వర్తించని చోట ఆ జీతం భారం యజమానిదే. పిల్లల్ని కనడం సమాజానికి కావాలి, ఖర్చు మాత్రం ఎవరూ పంచుకోరు. అందుకే పెళ్ళి గురించి ముందే ఆరా. నియామకాల్లో స్త్రీ అని వివక్ష చూపకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా చెప్పింది. అయితే ఇంటర్వ్యూలో చట్టం చదివి వినిపించమని నేను ఎవరికీ చెప్పను. ఆ జీతంతో ఇల్లు గడవాల్సిన పిల్ల అక్కడ పోట్లాట పెట్టుకోలేదు. ప్రశ్నను పనివైపు తిప్పడం మాత్రం నేర్పవచ్చు: "నెలకు పది రోజులు క్యాంపులు ఉంటాయని ప్రకటనలో రాశారండీ, నేను వెళ్ళగలను." అంతే, కుటుంబ చరిత్ర అక్కర్లేదు. బయటికి వచ్చిన రోజే ఎవరు ఏమడిగారో తేదీతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. తర్వాత ఫిర్యాదు చేయాలనుకుంటే పనికొచ్చేది అదే.

దీనికంటే కష్టమైన ప్రశ్న మరొకటుంది. "ఇన్నాళ్ళు ఏం చేశావు?" అంటే మన స్త్రీలు "ఇంట్లోనే ఉన్నానండీ" అంటారు. పొదుపు సంఘం పుస్తకాలు ఆరేళ్ళు రాసి, బ్యాంకు లింకేజీ కోసం మేనేజరు చుట్టూ తిరిగి అప్పు తెచ్చిన మనిషి కూడా ఇదే మాట అంటుంది. అబద్ధమాడడం లేదు, దాన్ని పని అని ఎవరూ అనలేదు కనుక తనూ అనుకోలేదు. మన సమావేశాల్లో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగించండి. సంఘంలో ఎంతమంది? ఎంత డబ్బు చేతులు మారింది? కిస్తీ కట్టని వాళ్ళతో ఏం మాట్లాడావు? లెక్క తేడా వచ్చిన రోజు ఏం చేశావు? మొదట నసుగుతారు, మూడోసారికి అంకెలతో చెప్తారు. ఇంగ్లీషు మాట్లాడడం కంటే ముందు నేర్పవలసింది ఇదని నా అభిప్రాయం.

2016 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. మంచిదే. కానీ మన దగ్గరకు వచ్చే అమ్మాయిలు చేరేది ఎక్కువగా ప్రైవేటు బళ్ళలో, నర్సింగు హోముల్లో, దుకాణాల్లో. ఇంకా మన సంస్థల్లో.

మన సంస్థల మాట కూడా చెప్పాలి. బయటి సభ్యురాలిగా నేను కూర్చున్న ప్యానెళ్ళలో "ఊళ్ళు తిరగాలి, మీ ఆయన ఒప్పుకుంటాడా?" అన్న ప్రశ్న చాలాసార్లు విన్నాను. అడిగింది స్త్రీలే, అదీ మంచి ఉద్దేశంతోనే. మొగుణ్ణి వదిలి వచ్చిన ఆమె దీనికి ఏం చెప్పాలి? గృహహింసకు వ్యతిరేకంగా పెట్టుకున్న సంస్థే ఆమెను భర్త అనుమతి అడిగినట్టు కాలేదా? రాత్రి క్యాంపు నుంచి ఆమె ఇంటికి ఎలా చేరుతుందన్నది సంస్థ జవాబు చెప్పుకోవలసిన విషయం. బండి ఉందా, దారి ఖర్చులిస్తామా, చంటిపిల్లను వెంట తెచ్చుకోనిస్తామా అన్నవి ఇంటర్వ్యూలో మనమే ముందు చెప్పాలి.

ఈసారి కార్యకర్తల ఇంటర్వ్యూలు పెట్టే సంస్థలు ప్రశ్నలను ముందే కాగితం మీద రాసుకుని, ఆడా మగా అందరినీ అవే అడగాలని కోరుతున్నాను. ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు, మీరిచ్చిన జవాబులు మాకు రాసి పంపండి. పేర్లు లేకుండా వచ్చే సంచికలో వేస్తాం.