మెడలో బిళ్ల, మూడు రాష్ట్రాల దారి

మెడలో బిళ్ల కడితే బస్తర్‌లోనైనా, భద్రాచలంలోనైనా డాక్టర్లు మొదట అనుమానించేది క్షయనే. చాలాసార్లు ఆ అనుమానం నిజమవుతుంది కూడా. కానీ సీఎంఎల్, అంటే దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా ఉన్న మనిషికి బిళ్ల కట్టిందంటే లెక్క మారుతుంది. అది లుకేమియాతో నిమిత్తం లేకుండా విడిగా వచ్చిన లింఫోమా కావచ్చు. లేదా పాత లుకేమియానే ముదిరి, వేషం మార్చి లింఫ్ గ్రంథిలో మకాం పెట్టి ఉండవచ్చు. రెండూ అరుదే. కానీ మైక్రోస్కోపు కింద కూడా ఒకదాన్ని చూసి మరొకటనుకునే ప్రమాదముంది.

గుట్టు విప్పేది ఫిలడెల్ఫియా క్రోమోజోమ్. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నప్పుడు పుట్టే బీసీఆర్-ఏబీఎల్ జన్యువే సీఎంఎల్‌కు మూలం. బిళ్ల కణాల్లోనూ అది కనిపిస్తే జబ్బు 'బ్లాస్ట్ క్రైసిస్'కు చేరిందనే అర్థం. అప్పుడు మాత్రలు ఒక్కటే చాలవు. కీమోథెరపీ, వీలైతే మూలుగ మార్పిడి అవసరమవుతాయి. కనిపించకపోతే లింఫోమాకు దాని వైద్యం, లుకేమియాకు దాని మాత్ర. క్షయ మందుల కోర్సు కనీసం 6 నెలలు. బ్లాస్ట్ క్రైసిస్‌లో ఉన్న రోగికి అంత వ్యవధి ఉండకపోవచ్చు.

మాత్ర విషయంలో మన దేశం గట్టెక్కింది. నోవార్టిస్ ఇమాటినిబ్ ఖరీదు నెలకు లక్ష రూపాయలు దాటిన రోజుల్లో హైదరాబాద్ కంపెనీ నాట్కో వంటివి సుమారు పదో వంతుకే అమ్మాయి. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ పేటెంట్ వాదనను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

చిక్కంతా పరీక్ష దగ్గరే. సుక్మా జిల్లా భేజ్జి సంగతే చూడండి. అక్కడికి రోడ్డు వేయడమే యుద్ధమైంది. 2017 మార్చి 11న ఇంజరం-భేజ్జి రోడ్డు పనులకు కాపలా వెళ్లిన 12 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను మావోయిస్టులు చంపారు. ఆ వైపు నుంచి రోగి కుంట చేరి, ఆంధ్రలోని చింతూరు దాటి, తెలంగాణలోని భద్రాచలం వచ్చినా జన్యు పరీక్షకు హైదరాబాద్ దాకా పోవాల్సిందే. పైగా ఆంధ్ర, తెలంగాణల సొంత ఆరోగ్య పథకాలు ఆ రాష్ట్రాల వారికే.

నిజానికి రోగి అంత దూరం వెళ్లక్కర్లేదు, బిళ్ల వెళితే చాలు. సూదితో కాస్త పీల్చడం కాకుండా గ్రంథినే కోసి తీసి, ఫార్మలిన్ సీసాలో వేసి పంపితే ల్యాబ్‌లో ఫిష్ పరీక్ష చేయవచ్చు. కాకపోతే సీసాతో పాటు వెళ్లే కాగితం మీద 'సీఎంఎల్ రోగి' అని రాయాలి. అది రాయకపోతే ఆ ముక్కలో బీసీఆర్-ఏబీఎల్ కోసం వెతకాలని ఎవరికీ తట్టదు.