వీధి అందరిది; ముఖ మెవరిది?

వీధిలో నడచువాడు అందరికిని కనబడును గదా, అతని చిత్రమును పరిశోధకులు వాడుకొన్నచో దోషమేమని కొందరు విద్యావంతులు వాదించుచున్నారు. ఈ వాదము పొసగదు. కనబడుట వేరు, పట్టి దాచి పరులకు పంచిపెట్టుట వేరు.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున బ్రెయిన్‌వాష్ అను కాఫీ హోటలుండెడిది. అందలి కెమెరా దృశ్యములు ఇంటర్నెట్టులో ప్రసారమగుచుండెను. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వానినుండి 11,917 చిత్రములు గైకొని, గుంపులోని తలలను గుర్తించుట యంత్రములకు నేర్పుటకై తరువాత లోకమునకు విడుదల చేసిరి. కాఫీ త్రాగవచ్చినవారి సమ్మతి లేదు. చైనా సైనిక విశ్వవిద్యాలయ పరిశోధకులును వానిని వాడుకొనిరి. 2019లో విమర్శలు చెలరేగగా ఆ సంపుటిని తొలగించిరి. అప్పటికే చేతులు మారిన ప్రతులను వెనుకకు తేగలవారెవరు?

పేర్లు లేవు గదా యందురు. ఎరిగినవారికి ముఖమే పేరు!

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. అయినను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పరిశోధనకు, కొన్ని నియమములకు లోబడి, మినహాయింపు నొసగినది. ఆ సందు రాజమార్గము కారాదు.

నేనును వర్తకుడనే; నా అంగడిలోను కెమెరా గలదు. సరకు కాపలాకు దానిని పెట్టితిని గాని, నమ్మి గడప త్రొక్కిన గిరాకీనే సరకుగా మార్చుటకు గాదు. కావున వర్తక సోదరులారా! చట్టప్రకారము పోలీసువారు వ్రాతమూలమున కోరిననే తప్ప ఆ దృశ్యముల నెవరికిని ఈయకుడు. అవసరము తీరినంతనే చెరిపివేయుడు. కెమెరా గలదని గుమ్మముకడ ఇచ్చటి భాషలోను, మన తెలుగులోను బోర్డు వ్రాయించుడు. అడిగి పుచ్చుకొన్నదే న్యాయము; అడుగక తీసికొన్నదానికి మన బజారులో పేరొక్కటే గలదు.