ఫోను ఎవరిది? గది ఎవరిది?

ఇంటి నుంచే కౌన్సెలింగ్ పొందవచ్చునంటున్నారు. ఏ ఇంటి నుంచి? హింస జరిగే ఇల్లే కౌన్సెలింగ్ గది కూడా అయితే ఆమె నోరు విప్పేదెలా?

2020లో కోవిడ్ వచ్చినప్పుడు మానసిక చికిత్స చాలావరకు ఫోనులోకి మారింది. 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలి మానస్‌ను ప్రారంభించింది. 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. డాక్టరు కోసం రోజు కూలి పోగొట్టుకుని అనంతపురం బస్సెక్కే స్త్రీకి ఇది చిన్న మేలేమీ కాదు. దీన్ని మనం కాదనడం లేదు.

అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమే. మిగిలినవాళ్ళు భర్తనో కొడుకునో అడిగి తీసుకోవాలి. ఎవరికి చేసిందీ ఆ ఫోనే చెప్పేస్తుంది.

వానల్లేక శెనక్కాయ ఎండిపోయి, అప్పు తీర్చలేక భర్త ప్రాణం తీసుకున్న స్త్రీ సంగతి చూడండి. అది రైతు ఆత్మహత్యేనని అధికారుల కమిటీ తేల్చాలంది 2004 నాటి 421 జీవో. కాగితాలు పట్టుకుని తిరిగి, చెప్పిందే చెప్పిన ఆమె ఇప్పుడు ముఖం కనబడని గొంతుకు మళ్ళీ చెప్పాలి. పక్కనే అత్తగారు. అప్పులవాళ్ళు చేసేదీ ఆ ఫోనుకే. 'ఆలోచనలు మార్చుకో' అని సలహా ఇచ్చి పెట్టేస్తే కరువునూ అప్పునూ ఆమె మనసులోని జబ్బుగా మార్చినట్టే.

కౌన్సెలర్లు మొదట అడగాల్సింది: 'ఇప్పుడు మాట్లాడొచ్చా అమ్మా? పక్కన ఎవరైనా ఉన్నారా?' అవును, కాదు అంటే సరిపోయేలా ప్రశ్నలు వేయాలి. ఎవరైనా వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు ముందే అనుకోవాలి. మళ్ళీ ఎప్పుడు చేయాలో ఆమే చెప్పాలి. వితంతు పింఛనుకు దారి చూపడం, 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారిని కలపడం కూడా చికిత్సలో భాగమే.

ఇక ప్రభుత్వం మాట. మానసిక వైద్యం పొందే హక్కునూ, గోప్యతనూ 2017 చట్టం రాసిచ్చింది. పొరుగున బళ్ళారిలో 1980లలోనే నిమ్హాన్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చి పల్లెల్లో మానసిక వైద్యం సాధ్యమేనని చూపింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. అలాంటప్పుడు ఒక నంబరు ఇచ్చి చేతులు దులుపుకుంటే ఎలా ఊరుకుంటాం?

ప్రతి ఆరోగ్య కేంద్రంలో తలుపు వేసుకునే ఒక గది, అందులో ఒక ఫోను, అవసరమైతే ఇంటికి వచ్చే ఒక కార్యకర్త కావాలి. మన సంఘాలు మండలం మండలంలో అడగాల్సింది ఇదే.