మూతపడిన కర్మాగారపు నేలకు భూసార పరీక్ష చాలదు

తిరుపతి జిల్లా గాజులమండ్యంలోని శ్రీ వేంకటేశ్వర సహకార చక్కెర కర్మాగారంలోను, చిత్తూరు సహకార చక్కెర కర్మాగారంలోను చెరకు క్రషింగ్ నిలిచిపోయి చాలా ఏళ్ళయింది. ఇటువంటి స్థలాల పునర్వినియోగం చర్చకు వచ్చినప్పుడు విస్తీర్ణం, రహదారి సౌకర్యం, మార్కెట్ విలువ, రైతుల, కార్మికుల బకాయిలు ప్రస్తావనకు వస్తాయి. నేల స్థితిని గురించిన ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఆ నేలలు కలుషితమయ్యాయని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తగిన పరీక్ష జరగనంతవరకు అవి శుద్ధమైనవని చెప్పడానికి కూడా ఆధారం లేదన్నదే ఇక్కడి వాదన.

చక్కెర పరిశ్రమ వ్యవసాయానికి సన్నిహితమైనది. పిప్పి ఇంధనమవుతుంది, ప్రెస్‌మడ్ పొలానికి ఎరువవుతుంది. అయితే ఏ కర్మాగార ఆవరణలోనైనా నేలంతా ఒకే చరిత్ర గలది కాదు. చెరకు బండ్లు నిలిచిన మైదానం వేరు; ఇంధన తైలపు తొట్టెలు, ట్రాన్స్‌ఫార్మర్లు, బ్యాటరీల గది, మరమ్మతుల షెడ్డు ఉన్న చోట్లు వేరు. రసంలో పోల్ శాతం కొలవడానికి లెడ్ సబ్ ఎసిటేట్ వాడడం చక్కెర ప్రయోగశాలల్లో చిరకాలపు ఆనవాయితీ. కనుక ప్రయోగశాల మురుగు చేరిన చిన్న గుంట, ఎకరాల కొద్దీ ఉన్న మైదానం కన్నా ముఖ్యమైన పరీక్షాస్థానం కావచ్చు.

ఇటువంటి నేలకు సాధారణ భూసార పరీక్ష మూడు కారణాల వల్ల చాలదు. మొదటిది, భూసార ఆరోగ్య పత్రంలో ఉండే పన్నెండు అంశాలు ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం, స్థూల, సూక్ష్మ పోషకాలకు సంబంధించినవి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, ఖనిజ తైలాలు వాటిలో లేవు. రెండవది, డీటీపీఏ ద్రావణంతో తెలిసేది మొక్కకు అందే భాగమే. పిల్లల నోటికి మట్టి చేరే ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఆమ్లంతో జీర్ణింపజేసి మొత్తం పరిమాణాన్ని కొలవాలి.

మూడవది నమూనా సేకరణ. పొలంలో ఎనిమిది, పది చోట్ల 15 సెం.మీ. లోతు మట్టి తీసి కలపడం సరైన పద్ధతి. రైతుకు కావలసింది సగటు. కర్మాగారపు నేలలో ఆ సగటే ప్రమాదాన్ని దాచిపెడుతుంది. తొమ్మిది చోట్ల కిలో మట్టిలో 20 మి.గ్రా., పదవ చోట 2,000 మి.గ్రా. సీసం ఉందనుకుంటే, మిశ్రమ నమూనా 218 మి.గ్రా. మాత్రమే చూపుతుంది. పైగా తొట్టెల నుండి కారిన తైలం 15 సెం.మీ. దగ్గర ఆగదు.

నిర్లక్ష్యానికి చెల్లించవలసిన మూల్యం తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న రాణిపేటలో, 1990వ దశకంలో మూతపడిన క్రోమియం రసాయనాల కర్మాగారం సుమారు లక్షన్నర టన్నుల వ్యర్థాన్ని వదిలివెళ్ళింది. హెక్సావలెంట్ క్రోమియం నీటిలో సులభంగా కదులుతుంది. చక్కెర కర్మాగారాన్ని దానితో పోల్చడం సరికాదు. కాని పలుచని ఎర్రనేలల కింద పగుళ్ళున్న గ్రానైట్ శిలలు, వాటిలోని నీటిపై ఆధారపడిన బోర్లు గల ఈ ప్రాంతంలో, భూగర్భజలంలో చేరిన కాలుష్యాన్ని తొలగించడం ఎంత దుష్కరమో ఊహించవచ్చు.

2025 జులైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణ నియమావళిని ప్రకటించింది. అనుమానిత స్థలాలను గుర్తించి ఆరు నెలలకొకసారి నివేదించే బాధ్యతను జిల్లా యంత్రాంగంపై ఉంచింది. జిల్లా అధికారులు మట్టిని గురించి సలహా అడిగేది సహజంగా వ్యవసాయ శాస్త్రవేత్తలనే. ఆ సందర్భంలో మామూలు భూసార పత్రాన్ని శుద్ధతకు ధ్రువీకరణగా ఇవ్వకూడదు. ముందుగా పాత పటాలను, విశ్రాంత కార్మికుల జ్ఞాపకాలను ఆధారం చేసుకొని స్థలచరిత్ర రాయాలి. అనుమానమున్న ప్రతి చోట వేర్వేరు లోతుల్లో విడివిడి నమూనాలు, చుట్టుపక్కల బోర్ల నీరు సేకరించాలి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల విద్యార్థులకు ఇది విలువైన క్షేత్రాభ్యాసం కాగలదు.

భూవినియోగాన్ని ఫలితాలు వచ్చిన తరువాతే నిర్ణయించాలి. ఇళ్ళకు, బడికి, ఆకుకూరల మళ్ళకు అత్యంత శుద్ధమైన భాగం కావాలి. గిడ్డంగికి, సౌర ఫలకాలకు కొంత సడలింపు ఉండవచ్చు. వట్టివేరు వంటి మొక్కలు మట్టి కొట్టుకుపోకుండా ఆపగలవు గాని, సీసాన్ని ఒకటి రెండు పంటల్లో తీసివేయలేవు. అటువంటి చోట పెరిగిన గడ్డిని పశువులకు వేయకూడదు.

పరీక్షలతో అమ్మకం ఆలస్యమై బకాయిల చెల్లింపు వెనుకబడుతుందన్న ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే కొనుగోలుదారు వచ్చేదాకా ఆగకుండా, మూతపడిన వెంటనే ప్రాథమిక పరిశీలన పూర్తి చేయాలి. ఎక్కడ ఏముందో తెలిసిన స్థలాన్ని భాగాలుగా వినియోగంలోకి తేవచ్చు. తెలియని స్థలంలో చిన్న గుంటపై అనుమానం మొత్తం ఆవరణను ఆపివేస్తుంది. ఆ కర్మాగారాలకు చెరకు తోలిన రైతు కుటుంబాలే రేపు ఆ చుట్టుపక్కల బోర్ల నీరు తాగుతాయి. వారికి బకాయి ఎంత హక్కో, నేలను గురించిన నిజం కూడా అంతే హక్కు.