నవ్విన న్యాయస్థానం

1817 డిసెంబరు 18, 19, 20 తేదీలలో లండన్ గిల్డ్‌హాలులో విలియం హోన్ అనే పేద పుస్తక విక్రేతను వరుసగా మూడుసార్లు విచారించారు. ప్రార్థనల బాణీలో మంత్రులను ఎగతాళి చేసే రచనలు అచ్చువేశాడతడు. మోపిన అభియోగం మాత్రం దైవదూషణ! వకీలు లేడు. తానే నిలబడి, ఇటువంటి అనుకరణలు మార్టిన్ లూథర్ వంటివారూ చేశారంటూ పాత గ్రంథాలు తెరచి గంటల తరబడి చదివాడు. సభ గొల్లుమన్నది. ప్రధాన న్యాయమూర్తి ఎలెన్‌బరో ఎంత గర్జించినా, జూరీలు మూడుమార్లూ నిర్దోషి అన్నాయి.

1819లో మాంచెస్టరు సభలో నిరాయుధులపై అశ్వదళం కత్తి దూసిన పిదప, జాక్ కట్టిన ఇంటిని గురించిన పిల్లల గొలుసుపాటను హోన్ ప్రభుత్వంపై ఎక్కుపెట్టాడు. బొమ్మలు క్రూక్‌షాంక్‌వి. యాభైకి పైగా ముద్రణలు! దాన్ని తెనిగించబోయి నేను చిక్కుపడ్డాను. జాక్ ఇల్లు మన పిల్లలెరుగరు. ఏడు చేపల కథలోకి మారిస్తే నవ్వు దక్కుతుంది, హోన్ జారిపోతాడు. ఆ కాగితం ఇంకా తెల్లగానే ఉన్నది.