తెల్ల బోరేజ్ పువ్వు, మన పెండ్లి సంబంధాలు



ఇంగ్లండులో ఉంటున్న మన సహోదరి ఒకరు మొన్న ఆరాధన తరువాత వీడియో కాల్‌లో తన పెరటి మొక్కను చూపించారు. దాని పేరు బోరేజ్. మన వాము ఆకును ఇంగ్లీషులో ఇండియన్ బోరేజ్ అంటారు గాని, ఇది వేరు. మధ్యధరా ప్రాంతపు మొక్క. ఆకుల మీద గరుకు నూగు, నలిపితే కీర దోసకాయ వాసన. ఐదు రేకుల పువ్వు, నక్షత్రములా ఉంటుంది. మామూలుగా నీలం. ఆమె పెరటిలో మాత్రం తెల్లగా పూసింది.

"అయ్యగారూ, తెల్లనిది ఎంత పవిత్రంగా ఉందో!" అన్నారామె. నేనూ అవునమ్మా అన్నాను. తరువాత ఆ మాట నన్ను వదలలేదు. ఆ పువ్వు తెల్లగా ఉండుటకు కారణం పవిత్రత కాదు. నీలం రంగునిచ్చే పదార్థం అందులో లేదు, అంతే. తేనెటీగ రెండింటి మీదా వాలుతుంది. అది వెదకేది తేనెను.

మనమో? సంబంధం అనగానే మొదట అడిగేది రంగు. ఈ తప్పు నాదీ. ఒకసారి ఒక అబ్బాయి తల్లిదండ్రులను మన సంఘంలోని ఇంటికి తీసుకెళ్ళాను. "పిల్ల ప్రార్థనాపరురాలు, చదువుకున్నది. కాస్త చామనచాయ, అంతే" అని గొంతు తగ్గించి చెప్పాను. ఆ బిడ్డ టీ పళ్ళెంతో గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమెను క్షమాపణ అడగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

లేఖనములలోని తెల్లని వస్త్రము చర్మమును గూర్చినది కాదు. వస్త్రము క్రీస్తు తొడిగేది, చర్మము సృష్టికర్త ఇచ్చినది. యెష్షయి ఇంట సమూయేలు అంతటి ప్రవక్తే ఏలీయాబు రూపము చూసి పొరబడ్డాడు. మనమెంత?

"ఇష్టాయిష్టాలు ఉండవా అయ్యగారూ?" అంటారేమో. ఉంటాయి. అవి పెండ్లి చేసుకునే ఇద్దరివి. మధ్యవర్తిగా వెళ్ళే కాపరి, పెద్దలు రంగును లోపంగా చెప్పకూడదు. ఇకమీదట ఎవరైనా నన్ను పిల్ల రంగు అడిగితే జవాబు చెప్పను. పెద్దలారా, మీరూ అలాగే చేయండి.

బోరేజ్ ఒకసారి వేస్తే గింజలు రాల్చుకొని మరుసటి ఏడు తానే మొలుస్తుంది. మనం ఇంట్లో రాల్చే మాటలూ అంతే, పిల్లల నోట మొలుస్తాయి. ఈ వారం మీ భోజనాల దగ్గర ఏ మాట రాలుతుందో గమనించండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.